ఓదెలు మీద పడ్డ నా ఓటు

ఇరవై ఏళ్లకు పైగా ఒక మాట నా దగ్గరే ఉండిపోయింది. మా అమ్మ చివరి రోజుల్లో నా చెయ్యి పట్టుకుని, మనసులో ఏమైనా ఉంటే చెప్పమన్నట్టు చూసింది. అప్పుడూ చెప్పలేదు. గుడికి వెళ్లి దేవుడి ముందు నిలబడ్డప్పుడు కూడా ఆ మాట చుట్టూ తిరిగి వచ్చానే తప్ప దాని జోలికి పోలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. లేక, కింద నా పేరు రాయడం లేదు కనుక చెప్పగలుగుతున్నానా? అదీ నాకు సరిగ్గా తెలియదు. ఈ విషయంలో నాకు సరిగ్గా తెలిసినవి చాలా తక్కువ.

ఇదేమంత పెద్ద నేరం కాదని మీకు అనిపించవచ్చు. నేను ఎవరినీ చంపలేదు. ఎవరి ఇల్లూ కూల్చలేదు. ఒక ఎన్నికలో ఒకరికి మాట ఇచ్చి మరొకరికి ఓటు వేశాను. అలాంటివి ఎన్నో జరుగుతుంటాయి. కానీ ఆ పని ఇంకొక మనిషి చేశాడని అందరూ అనుకున్నారు. అనుకునేటట్టు నేను నిలబడ్డాను. ఎలా నిలబడ్డానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మాది గోదావరి ఒడ్డున, చెన్నూరుకు దగ్గరలో ఒక ఊరు. మాది దొరల ఇల్లు, కోటలాంటిది. దాన్ని గడి అంటారు. నాకు ఊహ తెలిసేసరికే దాని ఉత్తరపు గోడ కూలిపోయి ఉంది. భూములు కొన్ని చట్టాల వల్ల పోయాయి. కొన్ని మా నాన్న కోర్టుల చుట్టూ తిరగడం వల్ల పోయాయి. చివరికి మిగిలినవి మర్యాదలు. నేను దారిన పోతుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచేవారు. ఆ లేవడం ఏడాదికేడాదికి నెమ్మదించింది. మోకాలి మీద చెయ్యి వేసుకుని, ఎటో చూస్తూ, నడుము నొప్పికి లేస్తున్నట్టు లేచేవారు. నేను గమనించనట్టు నడిచేవాణ్ణి. వీపు వంచడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు.

అరవై తొమ్మిది నాటి తెలంగాణ ఉద్యమం చల్లబడిన తర్వాత వచ్చిన పంచాయతీ ఎన్నికల్లో నేను సర్పంచునయ్యాను. నా మీద ఎవరూ నిలబడలేదు. ప్రేమ వల్లనా, భయం వల్లనా, పాత అలవాటు వల్లనా అని అప్పుడు ఆలోచించలేదు.

మా ఊరికి ఎగువన వాగు దాటితే, అడవి అంచున ఇంకో ఊరు. అక్కడి సర్పంచు ఓదెలు. ఆ రోజుల్లో మా దిక్కు రెండు పార్టీల మాటే వినపడేది. ఒకటి రాజ్యం చేస్తున్న పార్టీ, రెండోది ఉద్యమంలోంచి వచ్చినది. ఓదెలుది ఆ రెండూ కాదు. అతను కొన్నేళ్లు బొగ్గుబాయిలో పనిచేశాడు. అక్కడి కార్మికుల్లో ఒక చిన్న పార్టీ ఉండేది. దాని జెండా సైకిలు ముందు కట్టుకుని ఊరికి తిరిగి వచ్చాడు. జనానికి ఆ పార్టీ పేరు నోరు తిరిగేది కాదు. ‘మూడో పార్టీ ఓదెలు’ అనేవారు. అసెంబ్లీ ఎన్నిక వస్తే ఆ పార్టీకి ఎప్పుడూ మూడో స్థానమే. ఎవరైనా వెక్కిరిస్తే అతను నవ్వేవాడు.

“మూడోడు లేకపోతె మొదటోడు, రెండోడు కొట్టుకుంటాంటె ఇడిపిచ్చెటోడు ఎవడే?” అనేవాడు.

అతను మంచి సర్పంచు. ఇది ఇప్పుడు రాయడం తేలిక. అప్పుడు కూడా నాకు తెలుసు. తన ఊరి బడికి పంతులు రాకపోతే సైకిలు మీద వెళ్లి పంతులును వెనక కూర్చోబెట్టుకుని వచ్చేవాడు. మా ఊళ్లన్నిటికీ కలిపి ఉన్న పంచాయతీ సమితి మీటింగులో మేమంతా తలలూపే చోట అతను లేచి, “గిది మల్లొక్కసారి సదువుండ్రి సార్, నాకు సమజ్ కాలే” అనేవాడు. అందరూ విసుక్కునేవారు. మళ్లీ చదివించేవాడు.

నన్ను మాత్రం దొరా అనేవాడు కాదు. ‘సర్పంచ్ సాబ్’ అనేవాడు. అందులో అగౌరవం లేదు. అతనూ సర్పంచే, నేనూ సర్పంచునే. ఆ పిలుపు నాకు ఎలా తగిలేదో చెప్పడం కష్టం. కోపం అనలేను. చొక్కాకు ఒక గుండీ తప్పు కాజాలో పెట్టుకుని బయటికి వచ్చినట్టు, రోజంతా ఏదో సరిగా లేనట్టు ఉండేది.

సమితి అధ్యక్షుణ్ణి ఆ కాలంలో సర్పంచులే ఎన్నుకునేవారు. రహస్య ఓటు. ఆ సారి ఒకవైపు పాత అధ్యక్షుడు, ఇంకోవైపు చెన్నూరులో రైసుమిల్లు ఉన్న రాజేశం. ఇద్దరి వెనక ఉన్నవాళ్లూ సరిసమానం. ఆ లెక్కలో నేను రాజేశం వైపు, అతనికి మాట ఇచ్చాను. ఇక ఓదెలు ఓటు ఎటు పడితే అటు గెలుపు. అతను దాన్ని చాటుగా పెట్టుకోలేదు. సమితి ఆఫీసు మెట్ల మీద నిలబడి అందరికీ వినపడేటట్టు చెప్పాడు. వానాకాలం వాగు వస్తే తన ఊరికి దారి ఉండదు, పురిటి నొప్పుల ఆడవాళ్లను మంచం మీద మోసుకుని వాగు ఒడ్డున ఎదురుచూడాల్సి వస్తుంది, బ్రిడ్జి కట్టిస్తానని మాట ఇచ్చినవాడికే తన ఓటు. పాత అధ్యక్షుడు చూద్దామన్నాడు. రాజేశం కట్టిస్తానన్నాడు. ఓదెలు అక్కడే, అందరి ముందే, రాజేశం చేతిలో చెయ్యి వేశాడు.

ఎన్నికకు ముందు రోజు పొద్దున నేను రాజేశం ఇంటికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో ఇప్పుడు గుర్తు లేదు. పనేమీ లేదనుకుంటాను. మా వైపు పెద్దమనిషిని నేను, కనపడితే బాగుంటుందని వెళ్లి ఉంటాను. వరండాలో అతని గుమాస్తా ఎదురువచ్చి, “జర కూసోండ్రి దొరా, లోపల మాట్లాడుతున్నరు” అని బెంచీ చూపించాడు. నేను కూర్చోలేదు. నిలబడ్డాను. లోపలి నుంచి నవ్వులు వినపడుతున్నాయి. చాలాసేపు నిలబడ్డాను. ఆ తర్వాత తలుపు తీసుకుని ఓదెలు బయటికి వచ్చాడు, తువ్వాలతో మూతి తుడుచుకుంటూ.

“అయ్యో, సర్పంచ్ సాబ్! ఎప్పుడొచ్చిండ్రు? బయట నిలబడ్డరేంది? లోపలికి రారాదుండ్రి” అన్నాడు.

ప్రేమగానే అన్నాడు. ఇందులో అతని తప్పేమీ లేదు. కానీ రాజేశం తండ్రి మా గడి ముందు చెప్పులు విడిచి నిలబడిన మనిషి. ఆ ఇంటి లోపలికి రమ్మని నన్ను ఓదెలు పిలుస్తున్నాడు. నేను లోపలికి వెళ్లాను. టీ తాగాను. నవ్వాను కూడా.

మరునాడు ఓటు వేసే గదిలో, అట్టముక్క అడ్డం పెట్టిన బల్ల ముందు నిలబడ్డాను. పైన రాజేశం పేరు, కింద పాత అధ్యక్షుడి పేరు. నా చెయ్యి కింది పేరు దగ్గరికి పోయింది.

చెయ్యి పోయింది అని రాశాను, చూశారా. ఇన్నేళ్లుగా నాకు నేను ఇలాగే చెప్పుకున్నాను. చెయ్యి దానంతట అది పోతుందా? ముద్ర నేనే వేశాను. కాగితం మడిచి పెట్టెలో వేశాను. ఎందుకు వేశాను? రాజేశం నన్ను వరండాలో నిలబెట్టాడని అనుకుందామంటే, నేను అంత చిన్న మనిషినా అనిపిస్తుంది. ఓదెలు లోపలికి పిలిచాడని అనుకుందామంటే, అది ఇంకా చిన్నతనం. పాత అధ్యక్షుడి మీద నాకు అభిమానం లేదు. అతని వల్ల నాకు ఏమీ రాలేదు, వస్తుందని అనుకోనూ లేదు. ఎవరో ఒకరి మీద నా చెయ్యి ఇంకా పైన ఉందని, ఎవరికీ తెలియకుండానైనా సరే, ఒక్క నిమిషం అనిపించాలనుకున్నానా? ఇది నిజానికి దగ్గరగా ఉన్నట్టుంది. కానీ ఇంత తెలివిగా అప్పుడు ఆలోచించి ఉండను.

రాజేశం ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాడు.

లెక్కింపు అయిన గదిలో మా వాళ్లంతా ఒకేసారి తలలు తిప్పారు. ఓదెలు వైపు. నా వైపు ఒక్కరూ చూడలేదు. చూస్తే ఏం చేసేవాణ్ణో. ఎదురుచూశాను కూడా, ఎవరైనా చూస్తారేమోనని. గడి మనిషి మాట తప్పుతాడని ఎవరి ఊహకూ అందలేదు. మూడో పార్టీవాడు ఓటు అమ్ముకున్నాడంటే అందరూ వెంటనే నమ్మారు.

ఓదెలు మొదట నవ్వాడు. తర్వాత కోప్పడ్డాడు. తర్వాత ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి చెప్పాడు. నా దగ్గరికీ వచ్చాడు. “మీరన్న నమ్ముండ్రి సర్పంచ్ సాబ్” అన్నాడు. నేను తల ఊపాను. నమ్ముతున్నానన్నట్టా, చూద్దామన్నట్టా? ఆ ఊపిన తలకు అర్థమేమిటో నాకే తెలియదు.

కొన్ని రోజులకు రాజేశం, మా వైపు సర్పంచులు కలిసి గడికి వచ్చారు. పోచమల్లు అని ఒక సర్పంచు ఉండేవాడు. ఎక్కడ నలుగురు చేరితే అక్కడ అతని గొంతే వినపడేది. అతనే మొదలుపెట్టాడు. “దొరా, చెంబు తియ్యుండ్రి. గడి ముంగట తేల్చుకుందాం” అన్నాడు.

దాని సంగతి మీకు చెప్పాలి. మా తాత కాలం నుంచి ఒక ఆచారం ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి మీదైనా నింద పడితే, గోదావరిలో మునిగి, తడి బట్టలతో గడి ముందుకు వస్తారు. గడి పెద్ద ఒక ఇత్తడి చెంబులో గోదావరి నీళ్లు పట్టుకుని, ఎగువన ధర్మపురి వైపు తిరిగి నిలబడతాడు. నింద పడ్డ మనిషి ఆ చెంబు మీద చెయ్యి పెట్టి, ధర్మపురి నర్సింహస్వామి మీద ఒట్టు వేసి చెప్పాలి. అబద్ధమైతే దేవుడు చూసుకుంటాడు. చెంబు పట్టుకున్న మనిషి ఒట్టు వేయడు. ఒట్టు తీసుకుంటాడు.

మా నాన్న ఉన్నప్పుడు ఓదెలు తండ్రి ఆ చెంబు మీద చెయ్యి పెట్టాడు. మా ఎద్దు ఒకటి కనపడకుండా పోయింది. అతని మీద అనుమానం. చలికాలం పొద్దున నీళ్లలో ముంచి తీసుకొచ్చారు. తనకేమీ తెలియదని ఒట్టు వేశాడు. తర్వాత జ్వరం పట్టి కొద్దిరోజులకే చనిపోయాడు. ఒట్టు తగిలిందని ఊరు అనుకుంది. మా నాన్న కూడా అలాగే అన్నాడు. అతను నిజంగా తీశాడో లేదో ఎవరికీ తెలియదు. తడి బట్టలతో చలిలో నిలబడ్డ మనిషికి జ్వరం రావడానికి దేవుడి అవసరం లేదని నాకు పెద్దయ్యాక తోచింది. పైకి అనలేదు. తండ్రి పోయాకే ఓదెలు బొగ్గుబాయికి వెళ్లాడు.

పోచమల్లు చెంబు తీయమన్నప్పుడు నేను వద్దనవచ్చు. రోజులు మారాయనవచ్చు. సమితి ఎన్నికకు దేవుడేమిటని కసరవచ్చు. నా మాట కాదనేవాళ్లు ఎవరూ లేరు. కానీ నాకు సంతోషం కలిగింది. దీన్ని రాయడమే అన్నిటికంటే కష్టంగా ఉంది. చాలా ఏళ్లుగా ఎవరూ గడి ముందుకు తగవుకు రాలేదు. ఆ రోజు వచ్చారు. వాకిలి ఊడ్పించాను. చెంబు చింతపండుతో తోమించాను. మా నాన్న రుమాలు పెట్టెలోంచి తీసి తలకు చుట్టుకున్నాను. అద్దంలో చూసుకున్నాను. ఏ నేరం నేను చేశానో, ఆ నేరానికి తీర్పు జరిగే చోట పెద్దగా నిలబడబోతూ, రుమాలు కుచ్చు సర్దుకున్నాను. ఆ మనిషి ఎవరు? ఇప్పుడు ఎంత ఆలోచించినా అతను నాకు పరాయివాడిలా కనిపిస్తాడు. కానీ నేనే.

మా వైపు సర్పంచులంతా ఒకరి తర్వాత ఒకరు మునిగి వచ్చి ఒట్టు వేశారు. చివరికి ఓదెలు వచ్చాడు. పొడి బట్టలతో వచ్చాడు. భుజం మీద తువ్వాల, చేతిలో సైకిలు. సైకిలు గోడకు ఆనించి మా ముందు నిలబడ్డాడు. ఊరంతా అక్కడే ఉంది.

“ఏందే ఓదెలన్నా, తానం చెయ్యలేదా?” అన్నాడు పోచమల్లు.

“పొద్దుగాల్నే చేసిన. ఉడుకు నీళ్లతోటి.”

కొందరు నవ్వారు. రాజేశం నవ్వలేదు. “ఎకసెక్కాలు బంద్ చెయ్. చెయ్యి పెడ్తవా, పెట్టవా?”

“రాజేశం సేటూ, నీకు మాట ఇచ్చిన. ఇచ్చినట్టే ఏసిన. గీ మాట ఏడ చెప్పుమంటె ఆడ చెప్త. మీటింగుల చెప్త, బస్టాండుల చెప్త. గీ చెంబు మీద మాత్రం చెయ్యి పెట్ట.”

“తప్పు చెయ్యనోనికి భయమెందుకే?”

“భయం కాదు. మా బాపు పెట్టిండు. పెట్టి సచ్చిండు. మల్ల నేను పెట్టుడా?”

“మీ బాపు ఎందుకు సచ్చిండో అందరికెర్కనే” అన్నారు వెనకాల ఎవరో.

ఓదెలు అటు తిరగలేదు. కొంచెంసేపు చెంబు వైపు చూశాడు. తర్వాత నా ముఖంలోకి చూశాడు.

“సర్పంచ్ సాబ్, మీరు చెప్పుండ్రి. నేను మాట తప్పే మనిషినా?”

నేను ధర్మపురి వైపే చూశాను. అతను ఆగాడు. మళ్లీ అన్నాడు: “ఓటు ఏసినోళ్లల్ల మీరు గూడ ఉన్నరు గదా. మరి అందరు పెట్టిండ్రు. మీరు పెట్టలేదేంది?”

 నేను చెంబును రెండో చేత్తో కూడా పట్టుకున్నాను. ఎవరూ చూడలేదనుకుంటాను. అప్పుడు పోచమల్లు పెద్దగా నవ్వాడు.

“దొర చెయ్యి పొద్దటిసంది చెంబు మీదనే ఉన్నది గదనే! ఇంకేం పెడ్తడు?”

అందరూ విరగబడి నవ్వారు. ఆ నవ్వులో నేను తప్పించుకున్నాను. ఆ నవ్వు ఆగాక నేను అన్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది.

“ఆచారం అందరికీ ఒక్కటే ఓదెలూ. పెట్టేటోడు పెడ్తడు. పెట్టనోని సంగతి ఊరు చూసుకుంటది.”

అంతే అన్నాను. అబద్ధం కాదు, చూడండి. ఒక్క అబద్ధపు మాట కూడా నా నోట రాలేదు. దాన్నే ఇన్నేళ్లు పట్టుకుని బతికాను. ఓదెలు గోడ దగ్గరికి నడిచాడు. సైకిలు తీసుకుని వెళ్లిపోయాడు. ఒట్టు వేయని మనిషి దొంగ అని ఆ పొద్దున తేలిపోయింది.

ఒక్క సంగతి అడగాలి. ఆ చెంబును పొద్దున నుంచి పట్టుకునే ఉన్నాను. దేవుడు చూసుకునేవాడైతే నన్ను ఎందుకు చూసుకోలేదు? నాకు జ్వరం రాలేదు. తలనొప్పి కూడా రాలేదు. కొన్నాళ్లు ఎదురుచూశాను. తర్వాత ఎదురుచూడటం మానేశాను. శిక్ష పడి ఉంటే బాగుండేదని అంటే మీరు నమ్ముతారా? నమ్మకండి. అప్పుడు నేను హాయిగానే నిద్రపోయాను.

తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. గెలిచిన పాత అధ్యక్షుడు కూడా ఆ ఓటు ఓదెలుదే అనుకున్నాడు. కృతజ్ఞతగా వాగు మీద బ్రిడ్జి మంజూరు చేశాడు. ఇంక రుజువు ఏం కావాలి? అమ్ముకోకపోతే బ్రిడ్జి ఎలా వచ్చింది? ఓదెలు దాన్ని వద్దనలేకపోయాడు. వద్దంటే వానాకాలం మళ్లీ మంచాలు మోయాలి. దగ్గర నిలబడి కట్టించుకున్నాడు. జనం ఆ బ్రిడ్జి మీదుగా ఎడ్లబండ్లు తోలుకుంటూ పోతూ దాన్ని ‘ఓటు బ్రిడ్జి’ అన్నారు. నేనూ దాని మీద ఎన్నోసార్లు వెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ అనుకునేవాణ్ణి, నా వల్లే కదా ఈ ఊరికి దారి వచ్చింది అని. ఎంత తిక్క ఆలోచన! ఒక తప్పు నుంచి ఒక మంచి పుడితే, ఆ తప్పును ఏమనాలి?  పెళ్లిబృందాలు దాటాయి, బడిపిల్లలు దాటారు, ఏ ఆడమనిషీ వాగు ఒడ్డున ఆగిపోలేదు. ఓదెలు ఒక్కడే దాని మీద తల వంచుకుని సైకిలు తొక్కేవాడు.

అతని పార్టీ అతణ్ణి సంజాయిషీ అడిగింది. చెప్పాడు. వాళ్లు నమ్మలేదు, నమ్మకుండా ఉండనూ లేదు. పార్టీలో అతని పదవి మాత్రం తీసేశారు. తర్వాతి పంచాయతీ ఎన్నికలో సర్పంచుగా ఓడిపోయాడు. కొత్త పార్టీ ఒకటి వచ్చి రాష్ట్రమంతా గెలిచింది. కొత్త పార్టీ ఒకటి వచ్చి రాష్ట్రమంతా గెలిచింది. ఆ కొత్త పార్టీ గాలిలో కూడా అతను తన మూడో పార్టీ జెండాతోనే మండలాధ్యక్ష పదవికి నిలబడ్డాడు. ధరావతు పోయింది. ఏ పార్టీ వాళ్లయినా ఓటు అడగటానికి వెళ్తే, “మాదేమన్న ఓదెలు ఓటా, అమ్ముకునేటందుకు?” అని నవ్వుకునేవారట. అతను రాజకీయం మానలేదు. ముసలివాళ్ల పింఛను కోసమో, రేషన్ కార్డు కోసమో ఎవరు పిలిచినా మండలాఫీసుకు వెంట వెళ్లేవాడు. అతను ఏమై ఉండేవాడు? నాకు ఈ ప్రశ్న మాటిమాటికీ వస్తుంది. నేను ఆ ముద్ర ఇంకో పేరు మీద వేసి ఉంటే అతను సమితిలో ఉపాధ్యక్షుడయ్యేవాడా? ఎమ్మెల్యే అయ్యేవాడా? లేక మూడో పార్టీ మూడో పార్టీగానే ఉండిపోయేదా? ఉండిపోయేదేమో. అప్పుడు నా తప్పు కొంచెం చిన్నదవుతుంది. ఇలా కూడా లెక్క వేసుకున్నాను.

నక్సలైట్ల భయానికి మా ఊళ్లలో దొరలు ఉండలేని కాలం వచ్చింది. మేము గడి వదిలి కరీంనగర్‌లో అద్దె ఇంటికి వచ్చాం. ఇక్కడ నన్ను చూసి ఎవరూ లేవరు. అలవాటైంది. అలవాటైందని రాశాను కానీ, కాలేదు.

ఈ మధ్య పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఓదెలు ఊరి సర్పంచు పదవి ఆడవాళ్లకు కేటాయించారు. అతని బిడ్డ సరోజ తండ్రి పార్టీ నుంచే నిలబడింది. ఒక మధ్యాహ్నం మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. నేను ఆమెను అంతకు ముందు చూడలేదు. తండ్రి కళ్లు. కూర్చోమంటే కూర్చుంది, నీళ్లు తాగింది.

“మా బాపు ఓటు అమ్ముకున్నడని ఊరంత తిరిగి చెప్తున్నరు. గప్పుడు చెంబు పట్టుకున్నది మీరేనట. మా బాపు గసొంటోడు కాదని మీరొక్క మాట చెప్తె చాలు. మీ మాట ఇంటరు” అంది.

నేను చెప్పి ఉండాల్సింది. తలుపు దగ్గరగా వేసి ఉంది, వీధిలో ఎవరూ లేరు, ఆమె ఒక్కతే ఉంది. “పాత సంగతులు ఇప్పుడెందుకు బిడ్డా” అన్నాను. ఆమె నన్ను కాసేపు చూసి, దండం పెట్టి వెళ్లింది. ఆమె ఓడిపోతుందని, నా మౌనమే ఓడించిందని తర్వాత బాధపడాలని నేను సిద్ధపడి ఉన్నాను. ఆమె గెలిచింది. నా మాట లేకుండానే గెలిచింది. నా మాటకు ఉందనుకున్న విలువ కూడా లేదని అలా తెలిసింది. సంతోషపడాలా, చిన్నబోవాలా? రెండూ జరిగాయి.

ప్రమాణ స్వీకారానికి రమ్మని కబురు పంపింది. వెళ్లాను. ఎందుకు వెళ్లానని మీరు అడిగితే చెప్పలేను. చుట్టుపక్కల ఊళ్ల పాత సర్పంచులందరినీ వేదిక మీద కూర్చోబెట్టారు. నా కుర్చీ పక్కన ఓదెలు కుర్చీ. సన్నబడ్డాడు. “బాగున్నరా సర్పంచ్ సాబ్” అన్నాడు. బాగున్నానన్నాను.

పోచమల్లు ముసలివాడయ్యాడు కానీ గొంతు తగ్గలేదు. మైకు పట్టుకుని సరోజను మెచ్చుకున్నాడు. తర్వాత మా వైపు తిరిగాడు.

“ఓదెలన్నా, ఎన్కట నీతోటి ఒక్క తప్పు అయ్యింది. అయితె అయ్యిందిగని, నీ బిడ్డను చూసి ఊరు గా తప్పు మాఫ్ చేసింది. ఇగ ఎవ్వలు గా ముచ్చట తియ్యద్దు!”

చప్పట్లు కొట్టారు. మనస్ఫూర్తిగా కొట్టారు. ఎవరో వచ్చి ఓదెలు మెడలో పూలదండ వేశారు. అతను లేచాడు. దండ తీసి కుర్చీ మీద పెట్టాడు.

“నేను తప్పు చెయ్యలే. చెయ్యని తప్పు మాఫ్ చేసుడేంది?” అన్నాడు. మైకు లేకుండా అన్నాడు. ముందు వరుసలవాళ్లకు వినపడింది. వాళ్లు నవ్వారు. “ముసలోడు ఇంకా ఒప్పుకోడు సూడు” అన్నారు, ముద్దుగా. చప్పట్లు ఇంకా పెరిగాయి.

నేను కూడా చప్పట్లు కొట్టాను. అందరూ కొడుతుంటే చేతులు ఖాళీగా ఉంచితే ఎవరైనా చూస్తారేమో అనిపించింది. ఓదెలు చూశాడు. నా చేతుల వైపు చూశాడు. తర్వాత సభ వైపు తిరిగి కూర్చున్నాడు. అతనికి తెలుసా? తెలిసి ఉంటే ఇన్నేళ్లు ఎందుకు అనలేదు? తెలియకపోతే అలా ఎందుకు చూశాడు? కరీంనగర్ బస్సులో దారంతా ఇదే ఆలోచన. 

నింద వేసినప్పుడు భరించాను. ఇన్నేళ్లు భరించాను. కానీ వాళ్లు అతణ్ణి క్షమించడం భరించలేకపోతున్నాను. నింద ఉన్నంతకాలం అతను కాదనడానికి చోటుంది. ఇప్పుడు ఊరు ప్రేమతో ఆ తప్పును అతనికి శాశ్వతంగా రాసిచ్చేసింది. ఇక అతను ఎవరితో కొట్లాడాలి? దండ వేసినవాళ్లతోనా?

కనుక రాస్తున్నాను. రాజేశానికి మాట ఇచ్చి తప్పినవాణ్ణి నేను. ఓదెలు తన మాట ప్రకారమే ఓటు వేశాడు. అతని దగ్గర ఊరు క్షమించాల్సింది ఏమీ లేదు.

ఇందులో కొన్ని పేర్లు మార్చాను, నా పేరు రాయలేదు. అయినా సరోజ చదివితే ఆమెకు తెలుస్తుంది. చదివి వినిపిస్తే ఓదెలుకు తెలుస్తుంది. ఏమంటాడో ఊహించడానికి ప్రయత్నించాను. నా ఊహలో అతను సైకిలు తీసుకుని వెళ్లిపోతున్నాడు. వాళ్ల ఊరికి వెళ్లి నిలబడి ఇదే మాట చెప్పాలా? చెప్పాలి. చెప్పగలనా? ఇప్పుడు అవునని రాస్తే అది ఇంకో మాట ఇవ్వడం అవుతుంది. నా మాటల సంగతి మీకిప్పుడు తెలుసు.

ఆ వాక్యాన్ని ఇందాక నోటితో చదివి చూశాను. మాట ఇచ్చి తప్పినవాణ్ణి నేను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఇంకోసారి కొంచెం గట్టిగా చదివాను. వంటింట్లోంచి నా భార్య, “ఎవలతోటి మాట్లాడుతున్నరు?” అంది. ఇటు రమ్మన్నాను. కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. చెప్పాను. అంతా చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు.  ఆమె పొయ్యి మీద కూర మాడుతోందని లోపలికి వెళ్లింది. నా గురించి ఏమనుకుందో నాకు తెలియదు. అడగలేదు. చెప్పేశాను.